పురుషునిగా పరిగణించడమైనది

నందిరేవు పురపాలక సంఘం ఎన్నికల్లో లాకుల వార్డు నుంచి కొప్పిశెట్టి మాణిక్యాంబ గెలిచిందన్న కబురు అందేసరికి కమిషనరు సోమయాజులు గారు మజ్జిగ తాగుతున్నారు. మజ్జిగ పొలమారింది. బంట్రోతు పరుగున వచ్చి నడినెత్తిన తట్టాడు. దగ్గు సర్దుకున్నాక ఆయన నోట వచ్చిన మొదటి మాట, "ఇప్పుడావిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలిరా?" అని.

సభలో కుర్చీలకేం లోటు లేదు. కాని ప్రతి కుర్చీ వీపునా తెల్లరంగుతో 'సభ్యుడు' అని రాయించి ఉంది. 'సభ్యురాలు' అన్న కుర్చీ నందిరేవు చరిత్రలోనే లేదు. లేని కుర్చీలో ఉన్న మనిషిని కూర్చోబెట్టే అధికారం తనకు ఏ నిబంధన ఇచ్చిందో ఆయనకు తట్టలేదు. నిబంధన లేనిదే తుమ్మే మనిషి కాదాయన.

మాణిక్యాంబకు మాత్రం కూర్చునే చోటు గురించి పేచీ పడడం కొత్త కాదు. ఆమె, భర్త గవర్రాజు కాలవ లాకుల పక్కన కాఫీ హోటలు నడిపేవారు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని తినేవారు కారు. కావలసినవాళ్ళు గిన్నె పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడితే పోసి పంపేవారు. హోటలు చేతికి రాగానే మాణిక్యాంబ వీధి వైపు ఒక బల్ల వేయించి, ఆడవాళ్ళు ముందు గుమ్మంలోంచే రావచ్చునని బోర్డు కట్టించింది. ఎవరూ రాలేదు. అప్పుడామె తానే రోజూ మధ్యాహ్నం ఆ బల్ల మీద కూర్చుని, వీధిన పోయేవాళ్ళంతా చూస్తుండగా, తన హోటల్లో తనే కాఫీ తెప్పించుకుని తాగేది. కొన్నాళ్ళకు చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు. ఆ వెనక బడిపంతులమ్మ వచ్చింది. దాంతో ఊరి పెద్దలు ఆ హోటలును వెలివేశారు. అయితే గవర్రాజు పోసే పెసరట్టును వెలివేయడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. పెద్దలందరూ గిన్నెలు పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడడం మొదలుపెట్టారు.

అలాంటి మనిషి ఎన్నికల్లోకి దిగడానికి కారణం పోలమ్మ. లక్ష్మివారం సంతలో ఆకుకూరలు అమ్మే పోలమ్మ ఒక వేసవి మధ్యాహ్నం బుట్ట పక్కనే కూలబడిపోయింది. మాణిక్యాంబ ఆమెను నీడకు చేర్చి, మొహాన నీళ్ళు చల్లి, గ్లాసు నోటికి అందించబోయింది. పోలమ్మ ఆ స్థితిలో కూడా గ్లాసును పక్కకు నెట్టేసింది.

"వద్దమ్మగోరూ. సంతరోజు నేను నీళ్ళు తాగనండి."

"ఏం, మొక్కా?"

"మొక్కెక్కడిదండి! తాగితే ఎక్కడికెల్తానండి? మొగోళ్ళకైతే గోడుంది, గట్టుంది. పొద్దుగూకేదాకా మాకేటుందండి?"

మాణిక్యాంబ సంత వైపు చూసింది. సంత నిండా ఆడవాళ్ళే. పొద్దుటి నుంచి చుక్క నీరు ముట్టని గొంతులు, అంత ఎండలోనూ ఖంగుమంటూ బేరాలాడుతున్నాయి. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు పురపాలక సంఘం కార్యాలయానికి వెళ్ళి, సంతలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టించమని అడిగింది. సోమయాజులు గారు ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

"అమ్మా, స్త్రీజనాభ్యుదయం పట్ల ప్రభుత్వం వారికి అపారమైన శ్రద్ధ కలిగియున్నందువల్ల, స్త్రీలకు సంబంధించిన ఏ విషయమైనను స్త్రీ సభ్యురాలు ప్రతిపాదించినప్పుడు మాత్రమే సభ చర్చించవలెనని సర్క్యులరు దయచేసియున్నారు. మన సభలో స్త్రీ సభ్యురాలు లేరు. కావున స్త్రీలకు సంబంధించిన విషయములు కూడా లేవు."

"ఆడోళ్ళు ఉన్నారు గదండీ?"

"ఊళ్ళో ఉన్నారమ్మా. అజెండాలో లేరు."

"అయితే నేనే మెంబర్ని అవుతానండి," అని మాణిక్యాంబ లేచి వచ్చేసింది.

ఆమె మీద పోటీ చేసినవాడు ఒక రైసుమిల్లు ఆసామి. ఆయన వీధి వీధీ తిరిగి ఒకటే ప్రశ్న వేశాడు: "ఆవిడ కౌన్సిల్లో కూర్చుంటే హోటల్లో ఇడ్లీ ఎవరేత్తారండి?" గవర్రాజు అరుగెక్కి, "నేనేత్తానండి. ఇన్నాళ్ళూ ఏసింది కూడా నేనేనండి," అని చెప్పి దిగిపోయాడు. ఎన్నికల ప్రచారంలో ఆయన చేసిన ఉపన్యాసం అదొక్కటే. లాకుల వార్డు ఆడవాళ్ళు ఆ మాటకే ఓట్లు వేశారని తరవాత చెప్పుకున్నారు.

ఆమె గెలిచాక సోమయాజులు గారికి నిద్ర కరువైంది. ఆడవాళ్ళు పోటీ చేయవచ్చునని చట్టం చెబుతోంది. సభ్యుడు, వర్తకుడు, పౌరుడు మొదలగు పదములన్నియు పురుషునే సూచించునని పురపాలక సంఘం ఉపనిబంధన చెబుతోంది. అంటే ఆడది గెలవవచ్చు, కాని గెలిచినది మగవాడై ఉండాలి. ఆయన పైవారికి విన్నవించుకున్నారు. పైవారు తమ పైవారిని అడిగి, 'నిబంధనలననుసరించి తగు చర్య గైకొనవలసినది' అని బదులిచ్చారు. ఒకదాన్నొకటి కాదనే రెండు నిబంధనలనూ ఒకేసారి అనుసరించడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు. సోమయాజులు గారు అనుసరించారు.

ఆయన ఉత్తరువు హోటలుకు వచ్చింది. గవర్రాజు రుబ్బురోలు దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చి, గట్టిగా చదివాడు.

"'లాకుల వార్డు నుండి ఎన్నికైన కొప్పిశెట్టి మాణిక్యాంబ గారిని పురపాలక వ్యవహారముల నిమిత్తము పురుషునిగా పరిగణించడమైనది. ఈ ఉత్తరువు తక్షణమే అమలులోనికి వచ్చును.'" చదవడం ఆపి భార్యను ఎగాదిగా చూశాడు. "మాణిక్యం, తక్షణమేనంట."

"నన్ను మొగాడి కింద రాసేశారా?"

"రాసేశారు. మరి నేనేటి?"

మాణిక్యాంబ పకపకా నవ్వింది. అంత బరువైన ఉత్తరువులో ఎంత మోసం ఉందో ఆ రోజు ఆమెకు తెలియలేదు.

మొదటి సమావేశంలోనే తెలిసింది. చైర్మను నరసరాజు గారు పెద్ద శరీరం, మంచి మనసు, అంతకు మించిన నిద్ర గల మనిషి. ఆయన కుర్చీలో సర్దుకుని కళ్ళు మూశాక సభ మొదలైంది. మాణిక్యాంబ 'సభ్యుడు' కుర్చీలోంచి లేచి, సంతలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టించాలని ప్రతిపాదించింది.

సోమయాజులు గారు లేచారు. "అమ్మా... క్షమించాలి, అయ్యా! ఇది స్త్రీలకు సంబంధించిన విషయము. సర్క్యులరును అనుసరించి దీనిని స్త్రీ సభ్యురాలే ప్రతిపాదించవలెను. తమరు పురుషులు."

"నేనా?"

"తమరే. ఉత్తరువు తమకు ముట్టినట్లు సంతకం కూడా చేసియున్నారు."

సభ్యులందరూ బల్లలు చరిచారు. ఆ చప్పుడికి నరసరాజు గారు మేలుకుని, "ప్యాసయిందా?" అని అడిగి మళ్ళీ కళ్ళు మూశారు.

మాణిక్యాంబకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు దాకా వచ్చిన తిట్లను అక్కడే అదిమిపెట్టింది. మంట మీద నీళ్ళు పోస్తే పొగ తప్ప ఏమీ రాదని, అదే మంట మీద పెనం పెడితే అట్టు వస్తుందని హోటలు నడిపిన మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. కూర్చుని ఆలోచించింది. ఇంటికి వచ్చాక మొగుడితో అంది:

"ఏవండీ, ఈళ్ళు నన్ను మొగాణ్ణి చేశారు గదా. రేపట్నుంచి నేను మొగాణ్ణే. ఆళ్ళే వద్దు మొర్రో అనేదాకా మొగాణ్ణే."

మొట్టమొదట ఆ ఉత్తరువు ఫలం అనుభవించినవాడు గవర్రాజు. ఏటేటా చైర్మను గారింట్లో సభ్యుల భార్యలకు పేరంటం జరుగుతుంది. పిలుపులు కార్యాలయం నుంచే వెళతాయి. సభ్యుడు మాణిక్యాంబ గనక, సభ్యుని భార్య గవర్రాజు. 'శ్రీమతి గవర్రాజు గారికి' అని పిలుపు వచ్చింది.

"ఎల్తారా?" అని అడిగింది మాణిక్యాంబ.

"పిలిచినప్పుడు ఎల్లకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు గవర్రాజు. తలంటి పోసుకుని, పట్టు కండువా వేసుకుని బయలుదేరాడు.

చైర్మను గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గుమ్మంలో ఆయన్ని చూసి ముందు కొయ్యబారిపోయింది. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత కొంగు కూడా నవ్వును ఆపలేకపోయింది. చాప వేసి కూర్చోబెట్టారు. గంధం రాశారు. తాంబూలంతో పాటు రవికెల గుడ్డ ఇచ్చారు. గవర్రాజు అన్నీ వినయంగా పుచ్చుకుని, తన భార్య, అనగా తన భర్త, ఎందుకు మగవాడు కావలసి వచ్చిందో మొదటి నుంచి చెప్పాడు. పోలమ్మ గ్లాసు పక్కకు నెట్టిన చోటికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు.

రాజ్యలక్ష్మమ్మ మెల్లగా అంది: "నేనూ అంతే బాబూ. తీర్థాలకి వెళ్ళేటప్పుడల్లా ముందు రోజునుంచే మంచినీళ్ళు మానేస్తాను. కార్లో వెళ్ళినా అంతే. ఈ మాట నేనెవరితోనూ అనలేదు."

ఒకరి తరవాత ఒకరు అందరూ చెప్పుకున్నారు. పెళ్ళిళ్ళలో, పడవల్లో, రైలు దిగిన చోట, ఎవరి కథ వాళ్ళది. పేరంటం ముగిసేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ రాత్రి నందిరేవు పురపాలక సభ్యుల ఇళ్ళన్నిటిలోనూ భోజనాల దగ్గర ఒకే సంగతి వచ్చింది. ఆ మర్నాటి నుంచి నరసరాజు గారికి ఇంట్లో మాటలు తగ్గాయి, కూరల్లో ఉప్పు పెరిగింది.

ఇంట్లో ఉక్కపోసినప్పుడు ఊరి పెద్దలు తలదాచుకునే చోటు ఒకటుంది. అది పురుషుల క్లబ్బు. ఆడవాళ్ళకు ప్రవేశం లేదని గేటు మీదే రాసి ఉంటుంది. నిజానికి పురపాలక సంఘం పనులన్నీ తేలేది అక్కడే, పేకముక్కల మధ్య. సభలో చేసేది బల్లలు చరచడం మాత్రమే. పురపాలక సభ్యులైనవారికి క్లబ్బులో చేరడానికి వేరే అనుమతి అక్కర్లేదు. మాణిక్యాంబ ఒక సాయంత్రం నేరుగా లోపలికి వెళ్ళి, నరసరాజు గారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన బనీనుతో ఉన్నారు. చేతిలో ముక్కలు గుండెకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది! ఇక్కడికి ఆడవాళ్ళు రాకూడదు."

"ఆడోళ్ళెవరండి? కమిషనరు గారి ఉత్తరువు చూపించమంటారా?"

నరసరాజు గారు చొక్కా కోసం చుట్టూ చూశారు. "అది కాదమ్మా. మేం ఇక్కడికి వచ్చేదే ఇంట్లో పోరు పడలేక..."

"నేనూ అందుకే వచ్చానండి. మా ఆవిడ పిండి రుబ్బుతూ ఒకటే నస. ముక్కలు పంచండి."

పేకాట ఆమెకు చిన్నప్పుడే వచ్చు. లాకుల దగ్గర పడవలు ఆగినప్పుడు సరంగుల ఆట చూసి నేర్చుకుంది. ఆ సాయంత్రం వరసగా ఆమే గెలిచింది. ఆడుతూ ఆడుతూ మరుగుదొడ్డి మాట ఎత్తేది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పెద్దలు చొక్కాల బొత్తాలు పైదాకా పెట్టుకుని, బూతులు మింగుతూ, నిటారుగా కూర్చుని ఆడడం నేర్చుకున్నారు. ఇంటికి పోతే మరుగుదొడ్డి, క్లబ్బుకు వస్తే మరుగుదొడ్డి. ఇక ఊళ్ళో ఆ మాట వినపడని చోటు పురపాలక సభ ఒక్కటే మిగిలింది.

అక్కడా వినిపించక తప్పలేదు. తరవాతి సమావేశంలో మాణిక్యాంబ లేచి, "ఒక చిన్న అనుమానమండి," అంది. "సంతలో ఆశీలు కట్టాల్సింది ఎవరండి?"

"వర్తకుడు," అన్నారు సోమయాజులు గారు.

"వర్తకుడంటే?"

"ఉపనిబంధనను అనుసరించి, పురుషుడు."

"సంతలో అమ్మేవాళ్ళంతా ఆడోళ్ళేనండి. ఆళ్ళు వర్తకులు కాకపోతే రేపట్నుంచి ఆశీలు కట్టొద్దని చెప్పేత్తాను."

నరసరాజు గారికి పూర్తిగా మెలకువ వచ్చింది. సంతలో ఆశీళ్ళు వసూలు చేసుకునే హక్కును పాట పాడుకున్నది ఆయన బావమరిది. "కమిషనరు గారూ, కట్టాలండీ, కట్టాలి! వాళ్ళు వర్తకులే!"

సోమయాజులు గారు ఉపనిబంధన వైపు చూశారు, చైర్మను వైపు చూశారు. రెండూ ఆయనకు దేవుళ్ళే. ఆ సాయంత్రమే ఉత్తరువు వెలువడింది: 'సంత యందు ఆశీలు చెల్లించు స్త్రీలందరినీ సంత జరుగు దినమున పురుషులుగా పరిగణించడమైనది.' సంత మధ్యలో దండోరా కూడా వేయించారు. మాణిక్యాంబ పోలమ్మ పక్కన నిలబడి విన్నది.

"ఏటమ్మగోరూ, అంటే ఇప్పుడు నేను మొగోణ్ణా?"

"లక్ష్మివారం, లక్ష్మివారం."

"మా ఆయనకి ఈ సంగతి ఎవులు సెప్తారండి?" అని పోలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

పురపాలక సంఘం కార్యాలయం సంతకు ఎదురుగానే ఉంటుంది. దాని వెనక మరుగుదొడ్డి ఉంది. తలుపు మీద 'పురుషులకు మాత్రమే' అని ఉంది. పై లక్ష్మివారం ఎండెక్కే వేళకు మాణిక్యాంబ ముందు నడుస్తుంటే సంతలోని ఆడవాళ్ళంతా ఆ తలుపు దగ్గరికి వచ్చి బారులు తీరారు. కాపలా మనిషి అడ్డం పడ్డాడు.

"ఇది మొగోళ్ళదమ్మా!"

"మేం మొగోళ్ళమేరా అబ్బీ," అంది పోలమ్మ. "కమిసనేరు గోరు రాశారు. దండోరా ఇన్లేదా?"

కాపలా మనిషి విన్నాడు. తప్పుకున్నాడు.

ఆ బారు కార్యాలయాన్ని చుట్టేసి, మెట్ల మీదుగా గేటు దాకా సాగింది. గుమాస్తాలు కిటికీల్లోంచి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, మళ్ళీ లేవడం. మధ్యాహ్నమైనా కార్యాలయంలో కలం కదలలేదు. హెడ్డు గుమాస్తా కాళ్ళు మెలిపెట్టుకుని గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు. సంత ఆడవాళ్ళు మాత్రం తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ, జన్మలో మొదటిసారి సంతరోజున చెంబులతో మంచినీళ్ళు తెప్పించుకుని తాగారు. తాగినవాళ్ళు మళ్ళీ వచ్చి బారులో నిలబడ్డారు.

సోమయాజులు గారిది మజ్జిగ అలవాటు. ఎండాకాలం కావడంతో ఎక్కువే తాగారు. చివరికి కండువా తలకు చుట్టుకుని, పెరటి దారిన కాలవ గట్టుకు వెళ్ళారు. వెనక నుంచి ఈల వినపడింది. శానిటరీ ఇనస్పెక్టరు.

"ఎవరదీ! కాలవ గట్టు మీద ఈ పని నిషేధమని తెలీదా?"

సోమయాజులు గారు తల తిప్పారు. "నేనయ్యా, కమిషనర్ని."

ఇనస్పెక్టరు నమస్కారం పెట్టాడు. ఆ తరవాత కలం తీశాడు. "నిబంధనలో కమిషనరుకు మినహాయింపు లేదండి. తమరే నేర్పారు."

జరిమానా చీటీ అందుకుంటూ, తన శిష్యుడి నియమనిష్ఠకు సోమయాజులు గారు ఒక్క క్షణం గర్వపడ్డారు కూడా.

లక్ష్మివారాలు ఇలా గడుస్తుండగా పై నుంచి తంతి వచ్చింది. రాష్ట్రమంతటా స్త్రీ అభ్యుదయ వారోత్సవాలు జరుగుతున్నాయి. జిల్లాలో స్త్రీ సభ్యురాలున్న ఏకైక పురపాలక సంఘం నందిరేవు గనక, పురపాలక శాఖ డైరెక్టరమ్మ గారు స్వయంగా వచ్చి ఆమెను సన్మానిస్తారు. వచ్చేది లక్ష్మివారం. సభ్యురాలిని సిద్ధంగా ఉంచవలసినది.

సోమయాజులు గారు సభ్యుల పేర్లు పైనుంచి కిందికి చదివారు, కిందినుంచి పైకి చదివారు. అందరూ పురుషులే. సంతలో చూశారు. లక్ష్మివారం నాడు అక్కడా అందరూ పురుషులే. ఆయన గొడుగు తీసుకుని హోటలుకు నడిచారు. పరధ్యానంలో ముందు గుమ్మంలోంచి వెళ్ళి ఆడవాళ్ళ బల్ల మీద కూలబడ్డారు. మాణిక్యాంబ కాఫీ పెట్టించింది.

"అమ్మా... అయ్యా... ఏమని పిలవాలో కూడా తోచడం లేదు. తమరు తక్షణమే స్త్రీ కావలెను."

"కుదరదండి," అంది మాణిక్యాంబ. "మొగాడిగా బాగానే ఉంది. క్లబ్బులో చేరాను. మా ఆయనకి రవికెల గుడ్డలొత్తన్నాయి. మళ్ళీ ఆడదాన్నవ్వాలంటే ఎంత కష్టమండీ!"

"ఒక్క పూట. డైరెక్టరమ్మ గారు వెళ్ళిన వెంటనే యథాప్రకారం పురుషునిగా పరిగణించెదము. నా మాట నమ్మండి."

"ఆడదాన్నయితే ఊరికే దండేయించుకుని కూర్చోనండి. ఆడదాన్నయిన మరుక్షణం తీర్మానం పెడతాను. సభ పిలవండి."

సోమయాజులు గారు కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించారు. ఆడది ఆడవాళ్ళ తీర్మానం పెట్టడంలో నిబంధనలకు విరుద్ధమైనదేమీ కనిపించలేదు. అంత సులువైన దారి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

బుధవారం అత్యవసర సమావేశం జరిగింది. ముందుగా మాణిక్యాంబను స్త్రీగా పరిగణించారు. ఆమె లేచి తీర్మానం చదివింది. నరసరాజు గారు ఆ సభలో అసలు నిద్రపోలేదు. "ప్యాసు చేయించండి మహాప్రభో," అన్నారు రెండు చేతులూ జోడించి. "నేను ఉప్పు లేని... కాదు, ఉప్పు సరిపడా ఉన్న కూర తిని ఎన్నాళ్ళయిందో మీకెవరికీ తెలీదు!" తీర్మానం ఏకగ్రీవమైంది. హెడ్డు గుమాస్తా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

డైరెక్టరమ్మ గారు వచ్చారు. దండలు వేశారు, వేయించుకున్నారు. స్త్రీ ఆకాశంలో సగమని, అవనిలో సగమని చాలాసేపు మాట్లాడారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట ఆగి, మంచినీళ్ళు తాగబోయి, గ్లాసు బల్ల మీద పెట్టేశారు. తరవాత మాణిక్యాంబ వైపు వంగి చెవిలో ఏదో అడిగారు. పొద్దుటి నుంచి జీపు ప్రయాణం.

మాణిక్యాంబ ఆవిడ చెయ్యి పట్టుకుని కార్యాలయం వెనక్కి తీసుకెళ్ళి బారు చివర నిలబెట్టింది. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"ఈవిడ ఆడమనిసిలాగున్నారు. ఇది మొగోళ్ళ లైనమ్మగోరూ," అంది పోలమ్మ. తరవాత ఆవిడ మొహం చూసి, "సర్లెండి, అర్జెంటులాగుంది. ముందెల్లండి," అని దారి ఇప్పించింది.

అక్కడ జరిగిన కథంతా బయటికి వచ్చాక విన్నారావిడ. మిగిలిన ఉపన్యాసం ఇవ్వలేదు. మరుగుదొడ్డి మంజూరు కాగితం మీద జీపు బానెట్టు మీదే సంతకం పెట్టేసి, సోమయాజులు గారి వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. మాణిక్యాంబను మళ్ళీ మగవాణ్ణి చేసే ఉత్తరువు ఆయన జేబులోనే ఉండిపోయింది.

వానలకు ముందే సంతలో పెంకుల కప్పుతో, తలుపులు, గడియలతో, కుళాయితో ఆడవాళ్ళ మరుగుదొడ్డి లేచింది. తెరిచిన రోజు రాజ్యలక్ష్మమ్మ అందరికీ కుంకుమ పెట్టింది. పోలమ్మ నట్టెండలో బుట్ట ముందు కూర్చుని చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "తోటకూరా, గోంగూరా!" అని ఒక్క కేక వేసింది. ఆ కేక లాకుల దాకా వినపడింది. హోటల్లో మాణిక్యాంబ చేతిలో పని ఆపింది. కళ్ళెందుకు తడిశాయని గవర్రాజు అడిగితే పొగ అని చెప్పింది. పొయ్యి అప్పటికింకా వెలిగించలేదు.

అయితే ఒక నిబంధనను నిద్ర లేపితే అది ఒంటరిగా లేవదు. స్త్రీ సభ్యురాలు ప్రతిపాదించిన పనిని ఆ ఏటనే పూర్తి చేసి తీరవలెనని ఆ సర్క్యులరు చివర ఉంది. మరుగుదొడ్డి అంత త్వరగా లేవడానికి కారణం అదే. ఇది తెలిసిన నరసరాజు గారు ఒక పూట కమిషనరును వెంటబెట్టుకుని హోటలుకు వచ్చారు. ఆయన వార్డులో మురుగుకాలవ మీద వంతెన విరిగి ఏళ్ళు గడిచాయి. చైర్మను అయినా వేయించుకోలేకపోయారు.

"చైర్మను గారు ఒక అర్జీ పెట్టుకున్నారమ్మా," అన్నారు సోమయాజులు గారు. "వంతెన పూర్తియగు పర్యంతము తనను స్త్రీగా పరిగణించవలసినదని. నిబంధనలలో ఆటంకమేదీ నాకు కనిపించలేదు. స్త్రీ సభ్యురాలిగా తమకేమైనా అభ్యంతరమా?"

నరసరాజు గారు మీసం సవరించుకుని నేల చూపులు చూశారు. మాణిక్యాంబ నవ్వు ఆపుకుంది.

"రాజుగారూ, ఆ వంతెన మీద ఎవరు నడుత్తారండి?"

"అందరూ నడుస్తారమ్మా. మా ఆవిడే మొన్న కాలు మడతపడి పడింది. బడికెళ్ళే పిల్లలు, నీళ్ళకెళ్ళే ఆడంగులు..."

"అయితే అది ఆడోళ్ళ వంతెనే గదండీ. నేనే పెడతాను. మీరు ఇలాగే ఉండండి, మీసం బాగుంది."

వంతెన లేచింది. తరవాత వీధిదీపాల సంగతి వచ్చింది. చీకట్లో నడిచేవాళ్ళలో ఆడవాళ్ళు లేరా? అదీ ఆడవాళ్ళ విషయమే అయింది. మంచినీళ్ళు, మురుగు, బడి కప్పు, పడవల రేవు మెట్లు, ఆసుపత్రి మందులు, ఏది పట్టుకున్నా దాని కొసన ఒక ఆడమనిషి ఉండనే ఉంది. అజెండా అంతా మాణిక్యాంబదే అయింది. పనులన్నీ ఆ ఏటికా ఏడే పూర్తవుతుంటే ఊరి జనానికి ముందు నమ్మకం కలగలేదు, తరవాత అలవాటైపోయింది. తరవాతి ఎన్నికల్లో పోలమ్మతో సహా ఇంకొందరు ఆడవాళ్ళు నిలబడ్డారు. కుర్చీల వీపుల మీది అక్షరాలు గీకించి, సోమయాజులు గారు ఉత్త కుర్చీలు చేయించారు.

అయినా ఆయన మనసులో ఒక వెలితి. సభ అన్నాక పురుషులకు సంబంధించిన విషయం ఒక్కటైనా ఉండాలి గదా! ఊరంతా గాలించి, చివరికి ఒకటి పట్టుకున్నారు. దాన్ని అజెండా అట్టడుగున చేర్చి, తరవాతి సమావేశంలో గొంతు సవరించుకుని చదివారు:

"సంత యందు పురుషులు గడ్డము గీయించుకొను చోట ఎండ తగులుచున్నది. నీడకై రేకు వేయించుట. ప్రతిపాదించు పురుషులు లేచి నిలబడవలెను."

ఎవరూ లేవలేదు. పెద్దలంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎన్నేళ్ళుగానో బల్లలు చరచడమే తప్ప ప్రతిపాదించడం వాళ్ళకు రాదు. నరసరాజు గారు గడ్డం తడుముకుని నిట్టూర్చారు.

మాణిక్యాంబ అటూ ఇటూ చూసి, కొంగు సర్దుకుని, తనే లేచింది.

"అదీ నేనే పెడతానండి. పాపం, ఆళ్ళకంటూ ఒకటి ఉండాలి గదా."